ప్లగ్గుకీ గోడకీ మధ్య కోమలి

జూనియర్ కాలేజీ ల్యాబుకి వచ్చిన కొత్త మెషిన్ల ప్లగ్గులు గోడలోని సాకెట్లలో పట్టకపోవడంతో, ఇంటర్ రెండో సంవత్సరం చదివే కోమలిని మధ్యలో నిలబెట్టి, ఆమె గుండా కరెంటు పంపిస్తున్నారు. మెషిన్లు కొన్నది ఒక శాఖ, గోడలు కట్టింది ఇంకో శాఖ. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదని రూలు. అందుకని కోమలి పెట్టింది.

ముందు మగపిల్లల్ని పెట్టి చూశారు. వాళ్లు మేమెందుకని అడిగారు. అలా అడిగేవాళ్లలోంచి కరెంటు పారదని తేలింది. కోమలి క్లాసులో నోరు విప్పదు. ఒక చేత్తో సాకెట్టు, ఇంకో చేత్తో ప్లగ్గులు పట్టుకుందో లేదో, మైక్రోస్కోపులన్నీ వెలిగాయి. బంగారంలాంటి పిల్ల అని లెక్చరర్ దైవాధీనం గారు మెచ్చుకున్నారు.

ఏ మెషిను ఎంత కరెంటు తాగుతోందో కొలవడానికి ఇమ్మానుయేలు గారనే అధికారి మీటరు పట్టుకొచ్చారు. గోడ దగ్గర బయల్దేరిన కరెంటు మొత్తం మెషిన్లకి చేరడం లేదు. ఆయన కోమలి నుదురు తాకి చూసి, తేడా అంతా ఈ అమ్మాయి ఒంట్లోనే వృథా అవుతోందనీ, అలవాటు మార్చుకోవాలనీ చెప్పి వెళ్లారు. పిల్ల ఒళ్లు కాలిపోతోందని మాత్రం ఎవరూ అనలేదు.

ప్రాక్టికల్ పరీక్ష రోజు వచ్చింది. అది గట్టెక్కితేనే కోమలికి నర్సింగులో సీటు. అందరూ స్లైడులు చూసి బొమ్మలు వేసుకుంటున్నారు. ఆమె స్లైడు బల్లమీదే ఉంది. చేతులే ఖాళీ లేవు.

"సార్, కాసేపు వదిలేస్తాను. నా ప్రాక్టికల్ చేసుకుంటాను."

ఏడాది మొత్తంలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అడగ్గానే మైక్రోస్కోపుల దీపాలన్నీ మినుకుమన్నాయి.

"కదలకే కోమలీ, నా అమీబా కనపడట్లేదు," అని పక్క బల్ల దగ్గర్నుంచి సునీల విసుక్కుంది.

"చూశావా," అన్నారు దైవాధీనం గారు, కోపం లేకుండానే. "నువ్వు అడిగితే ఇంతమంది చదువు ఆగిపోతుందమ్మా. కొంచెం సర్దుకో."

కోమలి గొంతులో మాట మింగేసింది. దీపాలు నిలకడగా వెలిగాయి. క్లాసంతా పాసైంది. విద్యార్థుల వరుసలో కనపడలేదు కాబట్టి కోమలికి గైర్హాజరు వేశారు.

ఇంటికెళ్లి కాలిన అరచేతులు తల్లి ముందు చాపి, ఇదెక్కడి న్యాయమని అడిగింది. ల్యాబు మొహం ఎన్నడూ చూడని తల్లి తన మొద్దుబారిన అరచేతులతో వాటికి వెన్న రాసింది.

"మొదట్లోనే అంత మంట," అంది. "తర్వాత తర్వాత తెలియదులే."