నకిలీ మునికుమార్

బంగారుపాళ్యం మునికుమార్‌కు ఆ పొద్దున ఉన్న పని ఒక్కటే. కోసి పెట్టిన మూడు టన్నుల తోతాపురి మామిడిని ఏ పల్ప్ ఫ్యాక్టరీకి తోలాలో తేల్చుకోవాలి. కోసిన కాయ ఎవరికోసమూ ఆగదు. రెండు రోజులు ఆలస్యమైతే ఏడాది కష్టం కుళ్లి కూర్చుంటుంది.

రేటు కోసం ఫోను తీసి, నిరుటి కోతల తర్వాత మళ్లీ ఇప్పుడే తన గుంపులోకి వెళ్లాడు. తన గుంపే! మూడేళ్ల కిందట పదిమంది రైతులను పోగేసి టెలిగ్రామ్‌లో పెట్టింది తనే. పొద్దున్నే ఫ్యాక్టరీ రేటు సరిగ్గా చెప్పినవాడికి మెచ్చుకోలుగా ఒక 'తోతా కాయిన్' ఇచ్చేవారు. బెంగళూరులో ఉండే బావమరిది గిరి దాన్ని సరదాకి ఆన్‌లైన్‌లో కొనీ అమ్మే క్రిప్టో నాణెంగా మార్చి పెట్టాడు. ఆ సరదా ఎవడి కంట పడిందో ఏమో, బెల్లానికి చీమల్లా జనం వచ్చి చేరారు. ఇప్పుడు పదిహేను వేల మంది. కొత్తగా వచ్చినవాళ్లలో జన్మానికి మామిడిచెట్టు ఎక్కినవాడు ఒక్కడుంటే ఒట్టు.

"ఈ పొద్దు కాయ రేటెంతప్పా?" అని రాశాడు. రాసింది రాసినట్టే మాయమైంది. "ఇక్కడ కాయిన్ గురించి తప్ప వేరే మాటలు నిషిద్ధం. మొదటి హెచ్చరిక" అని బదులొచ్చింది.

మునికుమార్‌కు ఒళ్లు మండింది. "ఇది మామిడికాయల గుంపురా నాయనా! పెట్టిందే నేను!" అన్నాడు.

కొంప మునిగింది అక్కడే. గుంపు పెరిగినప్పటి నుంచి, పెట్టింది నేనేనంటూ దొంగపేరుతో దూరేవాళ్లు వారానికి ఇద్దరు తయారవుతున్నారు. పైగా నిరుడు మునికుమార్ ఫోను సిమ్ముతో సహా మామిడికి మందు కొట్టే డ్రమ్ములో పడి చచ్చింది. కొత్త నంబరుతో మామూలు సభ్యుడిగా చేరాడు. పెత్తనం ముక్కూమొహం తెలియని మోడరేటర్లకు పోయింది.

వాళ్లలో 'కెప్టెన్' అనేవాడు దిగాడు. "మునికుమార్ గారు మీరేనని రుజువేది? కాగితం మీద పేరు రాసి, పట్టుకుని ఫోటో పంపండి."

మునికుమార్ కాయల కుప్ప పక్కన నిలబడి, భార్య కోమలి చేత ఫోటో తీయించి పంపాడు. "వెనక మామిడికాయలు మరీ ఎక్కువున్నాయి. ఇది కంప్యూటర్లో చేసిన బొమ్మ" అని తేల్చేశారు. గుంపంతా దొంగ, దొంగ అని మూగింది.

"ఆధార్ కార్డు పంపి, క్షమాపణ రాయండి" అన్నాడు కెప్టెన్.

"పంపను! నా గుంపులో నేనెవురో నేను రుజువు చేసుకోవాల్నా? క్షమాపణ గూడానా? ఏం పీక్కుంటావో పీక్కో!"

మరుక్షణం బయటికి గెంటేశారు. అంతలో పాత పదిమందిలో ఒకడైన చిన్నబ్బ ఫోను చేశాడు.

"మునీ, ఎవుడో దొంగ నాయాలు నీ పేరుతో గుంపులో దూరినాడప్పా. ఫోటో గూడా చూడకుండా నేనూ కంప్లైంట్ కొట్టినాను. తరిమేసినారు."

"ఆ దొంగను నేనే, చిన్నబ్బా!"

"అట్లయితే రేటెంతో నీకూ తెలీదా?"

"తెలీదు. నీకో?"

"ఆ గుంపులో కాయ మాటెత్తి ఏడాదైపాయ. లోడు తోలుకోని ఫ్యాక్టరీ గేటుకాడ నిలబడుండాను. మనోళ్లంతా ఈడే ఉండారు."

మునికుమార్ కాయలు ఎత్తించి, ట్రాక్టర్ తోలుకుని వెళ్లాడు. గేటు దగ్గర పది ట్రాక్టర్లూ వరసగా ఉన్నాయి. కాయలు దించాకే రేటు చెబుతానన్నాడు మేనేజరు. పొద్దుటి మంట ఇంకా ఆరని మునికుమార్, తన ట్రాక్టర్‌ను గేటుకు అడ్డంగా పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ముందు రేటు బోర్డు మీద రాయి సామీ. రాసేదాకా మా కాయ లోపలికి రాదు, నీ లారీ బయటికి పోదు. ఎవుర్ని పిలుసుకుంటావో పిలుసుకో!"

మిగతా పదిమందీ ఇంజన్లు ఆపి, దిగి నిలబడ్డారు. గంట గడిచింది. లోపల యంత్రాలకు కాయ కరువైంది. రేటు బోర్డెక్కింది. నిరుటికంటే మేలే.

కాయలు దించుతుండగా ఫోను మోగింది. కెప్టెన్!

"సార్, గిరిగారు ఇప్పుడే చెప్పారు, అసలు మునికుమార్ మీరేనట! మిమ్మల్ని గెంటేశామని తెలిసి జనం కాయిన్లు అమ్మేసుకుంటున్నారు. దయచేసి లైవ్‌లోకి వచ్చి ఒక్క మాట చెప్పండి సార్!"

మునికుమార్ తువ్వాలుతో మొహం తుడుచుకుని నిదానంగా అన్నాడు.

"నీకెవురో తప్పు చెప్పినారప్పా. నేను దొంగోడినే. అసలోడు మీలోనే యాడనో ఉంటాడు, బాగా ఎతుక్కోండి."

మర్నాటికి ఆ గుంపులో అసలు మునికుమార్లు ముగ్గురు తేలారు; ముగ్గురి ఫోటోలూ నిజమైనవేనని కెప్టెన్ ధ్రువీకరించాడు.