ఎవరూ లేని క్లాసులో ఫస్టు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలు గర్వపడాల్సిన విషయం ఒకటుంది. మన రెండు జిల్లాల్లో ఓటమి అనేది పూర్తిగా పోయింది. మశూచి పోయినట్టే పోయింది. ఇప్పుడు ఎంత వెతికినా ఓడిపోయినవాడు ఒక్కడూ దొరకడు. నమ్మకం లేకపోతే రాజాం మెయిన్ రోడ్డు మీద తలెత్తి నడిచి చూడండి.

ఎన్ని ఫ్లెక్సీలు! ట్యూషన్ సెంటరు పిల్లలందరూ ఫస్టే. ఒకడు మండలంలో ఫస్టు, ఒకడు వాళ్ళ వీధిలో ఫస్టు, మరొకడు జ్వరంతో పరీక్ష రాసినవాళ్ళలో ఫస్టు. బస్టాండుకి ఉత్తరం వైపు పెసరట్లలో ఒక హోటలు నంబర్ వన్, దక్షిణం వైపు పెసరట్లలో ఇంకో హోటలు నంబర్ వన్. నిరుడు పెళ్ళయినవాళ్ళలో అత్యుత్తమ అల్లుడికి కూడా ఒక ఫ్లెక్సీ ఉంది, వాళ్ళ మావగారే కట్టించారు. ఈ ఫ్లెక్సీల వల్ల మలుపులో ఎదురొచ్చే బస్సు కనబడడం లేదని కొందరు కుళ్ళుబోతులు గోల పెడుతున్నారు. బస్సుని చూడమని వాళ్ళకెవరు చెప్పారు?

ఈ ఏర్పాటు వల్ల మనిషికెంత మేలు జరుగుతుందో తెలియాలంటే ప్రమోద్ సంగతి తెలియాలి.

ప్రమోద్ రాజాంలో బియ్యం, పప్పుల హోల్‌సేల్ వ్యాపారి ధర్మారావు గారి ఒక్కగానొక్క కొడుకు. ఇంజనీరింగులో మెకానికల్ చదివాడు. చదివినవాడు చదివినట్టు ఊరుకోకుండా, ఒక పాత మారుతి కారు పట్టుకొచ్చి, సీట్లన్నీ పీకేసి, లోపల ఇనప గొట్టాలతో పంజరం కట్టి, తండ్రిగారి పాత గొడౌనులో పెట్టుకుని దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆ కారుకున్న ఎనిమిది వందల సీసీ పెట్రోలు ఇంజన్ని ముక్కముక్కా విప్పి, కడిగి, మళ్ళీ తనే బిగించాడు. స్టార్ట్ చేస్తే కుట్టు మిషనులా నడిచింది. ఆ చప్పుడు విన్న పూట అతనికి అన్నం సయించలేదు, సంతోషంతో. కుర్రాడికి ఉన్నది ఒకటే కోరిక. పదిమందితో కలిసి పందెంలో తోలాలి, తనకి తోలడం వచ్చునో రాదో తేల్చుకోవాలి.

గొడౌను మీద ధర్మారావు గారికి వేరే ఆలోచన ఉంది.

"ఒరే, పందెమో పాడో ఒక్కసారి ఎల్లు. ఫస్టొచ్చేవా, గొడౌను నీది, నీ రెంచీలు నీవి. రాలేదా, ఆ ఇనప సామానంతా తీయించీసి కందిపప్పు దించుతాను. నువ్వొచ్చి గల్లాపెట్టి కాడ కూకో. మళ్ళీ కారు మాటెత్తకూడదు."

"ఫస్టే రావాలేటి నాన్నా? రెండోదో మూడోదో వస్తే..."

"రెండోదేటి? నీతో సదూకున్నోళ్ళందరికీ ఫస్టులే కదరా. నీకొక్కడికీ రెండని ఫ్లెక్సీ ఏస్తే నా మొకం ఎక్కడెట్టుకోను?"

న్యాయమైన ప్రశ్నే కదా?

అది రెండువేల పదహారు. విజయనగరం అవతల ఒక ఖాళీ మైదానంలో ఔత్సాహికుల మోటారు సంఘం ఏటా కార్ల పందేలు పెడుతుండేది. సంఘం కార్యదర్శి జగన్నాధం గారికి టైర్ల షాపు ఉంది. ఎవరి మొహం కాస్త చిన్నబోయినా చూడలేని మనిషి. పందెం తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. అక్కడ ఇంజన్ సైజుని బట్టి కార్లని క్లాసులుగా విడదీస్తారు. చిన్న ఇంజన్ చిన్నదాంతో, పెద్దది పెద్దదాంతో పోటీపడుతుంది. న్యాయం కోసమని వెనకటివాళ్ళు పెట్టిన పద్ధతి. వెనకటివాళ్ళకి దాని అసలు ప్రయోజనం తెలియలేదు.

"ఎనిమిది వందల పెట్రోలు క్లాసులో నా పేరు రాసుకోండి," అన్నాడు ప్రమోద్.

జగన్నాధం జాలిగా చూశాడు. "అందులో డజను మంది ఉన్నారు బాబూ. ఆలందర్నీ దాటుకుని ఎల్లాల. ఎందుకొచ్చిన కష్టం సెప్పు. ఇంజను సూసి క్లాసు ఎంచుకోడం పాత పద్ధతి. ముందు ఎవరూ లేని క్లాసు సూసుకో. తరవాత దానికి సరిపడా ఇంజను ఎతుక్కో."

ఎంత గొప్ప మాట! ప్రమోద్‌కి నాలుగేళ్ళ ఇంజనీరింగులో ఒక్క లెక్చరరూ ఈ సంగతి చెప్పలేదు. హార్స్‌పవరనీ టార్కనీ ఏవేవో రాయించారు.

ఇద్దరూ కూచుని ఖాళీ క్లాసు వెతికారు. తేలిగ్గా దొరకలేదు. 'పదకొండు వందల సీసీ, కళ్ళజోడున్న డ్రైవర్లు' క్లాసులో అప్పటికే ఒకాయన ఉన్నాడు. 'పదమూడు వందల సీసీ, అత్తవారిచ్చిన కార్లు' క్లాసులో ఇద్దరున్నారట, వాళ్ళని కూడా వేరుచేసే ఆలోచనలో ఉన్నాడు జగన్నాధం. చివరికి 'అయిదు వందల సీసీ లోపు డీజిల్, ఒకే సిలిండరు' అనే క్లాసు బోసిగా కనబడింది. పుట్టిన దగ్గర్నుంచీ అందులో ఎవరూ అడుగుపెట్టలేదు. కారణం చిన్నదే. అలాంటి ఇంజన్ సామాన్ల ఆటోకి ఉంటుంది. దాన్ని రేసు కారుకి పెట్టాలన్న ఆలోచన బుద్ధున్న ఏ మనిషికీ రాలేదు.

ప్రమోద్ గొడౌనుకి వెళ్ళి కుట్టు మిషనులా నడిచే ఇంజన్ని దించేశాడు. దించుతుంటే ఏడుపొచ్చింది. గొడౌను పోతే ఇంజనూ ఉండదు కదా అని మనసుకి చెప్పుకుని, పాత సామాన్ల ఆటో ఇంజన్ ఒకటి తెచ్చి ఆ చోట బిగించాడు. స్టార్ట్ చేయగానే కారు తలుపులు నాలుగూ వాటంతటవే తెరుచుకున్నాయి. పక్క అద్దం రాలిపడింది. పప్పు బస్తాల మీద పడుకునే పిల్లి ఆ పూట వెళ్ళిపోయి మరి కనబడలేదు. ధర్మారావు గారు కొట్లోంచి పరిగెత్తుకొచ్చి, "లారీ ఏ గోడకి కొట్టిందిరా?" అని అడిగారు.

అంతా సిద్ధం అనుకున్న సమయంలో జగన్నాధం ఫోను చేశాడు. "సిన్న ఇబ్బంది వచ్చింది బాబూ. క్లాసులో ముగ్గురు లేకపోతే బహుమతి ఇవ్వకూడదని రూలున్నాది. పాతోళ్ళు రాసీసేరు."

లోకంలో అందరికీ పోటీదారులు పిలవకుండానే దాపురిస్తారు. ప్రమోద్ వాళ్ళని బతిమాలి తెచ్చుకోవలసి వచ్చింది. మొదట కొట్లో సామాన్ల ఆటో తోలే కూర్మయ్యని అడిగాడు. ప్రమోద్ పుట్టకముందు నుంచీ ఆ కొట్లో ఉన్న మనిషి. "ఎందుకు రాను బాబూ? వస్తాను. అయితే మీ ముందుకి మాత్రం ఎల్లను," అన్నాడు. ఇంతకంటే మంచి పోటీదారుణ్ణి ఎవరు కోరుకుంటారు?

మూడో మనిషి కోసం గున్నమ్మని పట్టుకున్నాడు. ఆవిడ చింతపల్లి తీరం నుంచి చేపలు ఐసులో వేసుకుని రాజాం మార్కెట్టుకి తెస్తుంది. కొడుకు ఎర్రన్న ఆటో తోలతాడు, పక్కన కూచుని ఆవిడ ఎర్రన్నని తోలుతుంది. ఆటోలో ఉన్నదీ అదే ఒక్క సిలిండరు డీజిలు. ఆటోలకి మూడే చక్రాలు కదా అని ప్రమోద్‌కి అనుమానం వచ్చింది గానీ, చక్రాలెన్నో రూల్లో రాయలేదని జగన్నాధం భరోసా ఇచ్చాడు.

"గున్నమ్మప్పా, ఊరికే నడిపితే చాలు. అంత గట్టిగా తొక్కక్కర్లేదు," అన్నాడు ప్రమోద్. ఓడిపొమ్మని చెప్పడానికి నోరు రాలేదు.

"అదేటి బాబూ, ఎనకబడ్డానికి అంత దూరం రావాలేటి? మాకు ముందు ఒడ్డుకొచ్చిన పడవకే బేరం. ఎనకొచ్చినోడు సేపలు ఎండబెట్టుకోవాల్సిందే. మావోడికి నెమ్మదిగా తోలడం నేర్పలేదు."

పందెం రోజున విజిలు ఊదగానే మూడు ఇంజన్లూ ఒక్కసారి మోగాయి. చూడ్డానికొచ్చినవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఎర్రన్న ఆటో చేపల బుట్టలతో సహా దూసుకుపోయింది. దించడానికి టైము లేదని గున్నమ్మ సరుకుతోనే వచ్చింది. ఐసు నీళ్ళు కారుతున్నాయి, వెనకాల కాకులు. సగం దూరంలో ప్రమోద్ కారు బెల్టు ఊడి ఆగిపోయింది. వెనకాలే వస్తున్న కూర్మయ్య, మర్యాదగా కాస్త ఎడంలో తనూ ఆగిపోయాడు.

"నువ్వెళ్ళు కూర్మయ్యా."

"తప్పు బాబూ. మీ ముందు ఎల్తానా?"

కూర్మయ్య తన ఆటో ముందు భాగాన్ని కారు వెనక ఆనించి, తన పోటీదారుణ్ణి తనే తోసుకుంటూ గీత దాటించాడు. అప్పటికి గున్నమ్మ కారియర్ విప్పి అన్నం తింటోంది.

ప్రమోద్ కారు దిగలేదు. కళ్ళ ముందు గల్లాపెట్టె కనబడింది. జీవితాంతం కందిపప్పు, మినప్పప్పు. జగన్నాధం ఆ మొహం చూశాడు, చూసి తట్టుకోలేకపోయాడు. మైకు అందుకున్నాడు.

"సరుకుతో పరిగెత్తిన విభాగంలో ప్రథమ బహుమతి, ఎర్రన్న. యజమానిని తోసుకొచ్చిన విభాగంలో ప్రథమ బహుమతి, కూర్మయ్య. ఇతరుల సహకారంతో గమ్యం చేరిన విభాగంలో ప్రథమ బహుమతి, ప్రమోద్."

"ముగ్గురుండాలన్నారు కదండీ?" అని ప్రమోద్ మెల్లిగా అడిగాడు.

"ముగ్గురున్నారు కదా బాబూ, క్లాసుకొకరు."

ఆ రోజు మైదానంలో కప్పు రానివాడు లేడు. చప్పట్లు కొట్టేవాళ్ళే లేకపోయారు, అందరి చేతుల్లోనూ కప్పులున్నాయి మరి! గున్నమ్మ కొడుకు కప్పుని అటూ ఇటూ తిప్పి చూసి, రొయ్యలు కొలవడానికి పనికొస్తుందని బుట్టలో వేసుకుంది.

బెల్టు బిగించుకుని ప్రమోద్ ఇంటిదారి పట్టాడు. చీపురుపల్లి దాటాక వెనకనుంచి హారను మోగింది. ఎర్రన్న ఆటో. గున్నమ్మ తల బయటికి పెట్టి, "తప్పుకో బాబూ, ఐసు కరిగిపోతన్నాది," అంది.

ప్రమోద్ తప్పుకోలేదు. ఎందుకో అతనికీ తెలియదు, కాలు నొక్కేశాడు. ఆ ఇంజన్లని ఎంత నొక్కినా చట్టానికి నొప్పి కలిగేటంత వేగం రాదు గనక మనం కంగారు పడనక్కర్లేదు. రెండూ పక్కపక్కన పోయాయి. మలుపు దగ్గర ప్రమోద్ సరిగ్గా సమయానికి గేరు మార్చి ముందుకొచ్చాడు. గున్నమ్మ లోపల కొడుకుని కేకలేస్తోంది. రోడ్డు ఎత్తెక్కే చోట ఎర్రన్న మళ్ళీ అందుకున్నాడు. రాజాం పొలిమేర వచ్చేసరికి ఆటో ముందు చక్రం మూరెడు ముందుంది.

ప్రమోద్ ఓడిపోయాడు. నవ్వు ఆగడం లేదు. బుద్ధెరిగాక అంత సంతోషం అతనికెప్పుడూ కలగలేదు.

"బాగా తోలేవు బాబూ. ఆ మలుపు కాడ మమ్మల్ని భయపెట్టీసేవు," అంది గున్నమ్మ పోతూ పోతూ. ఆ ఒక్క మాట కప్పు మీద ఎక్కడా రాసి లేదు.

కొట్టు ముందు అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు. 'ఉత్తరాంధ్రలో ప్రథమ', కింద పెదనాన్నల, మేనమామల బొమ్మలు. ప్రమోద్ తిన్నగా తండ్రి దగ్గరికెళ్ళి, "నాన్నా, నేను ఓడిపోయాను. గొడౌను ఖాళీ చేసేస్తాను," అన్నాడు. ఆ మాట చెప్పడానికి అతనికి భయం వెయ్యలేదు.

ధర్మారావు గారు లేచి షట్టరు సగం దించారు. "నెమ్మదిగా మాటాడు. జనమంతా సూసీసేరు. ఇప్పుడు ఓడిపోయేనంటే మన మాట ఎవరు నమ్ముతారు, మన పప్పు ఎవరు కొంతారు? గొడౌను తీసుకో. నోరు మూసుకో."

అలా గొడౌను దక్కింది. ప్రమోద్ మొహం మాత్రం కోరుకున్నది చేతికొచ్చినవాడి మొహంలా లేదు.

పెట్రోలు ఇంజన్ని మళ్ళీ ఎక్కించి జగన్నాధం దగ్గరికి వెళ్ళాడు. ఆ డజను మందితో తోలాలని ఆశ.

"ఆ క్లాసు ఇప్పుడు లేదు బాబూ. ఒకడు నెగ్గితే మిగతా ఆలందరూ బాధపడిపోతన్నారు. సూళ్ళేక డజను క్లాసులు సేసీసేను. అందరూ సుఖంగా ఉన్నారు."

"నాకు ఓడిపోయే వీలున్న క్లాసు ఒకటి కావాలండి. ఆఖర్న వచ్చినా పర్వాలేదు."

జగన్నాధం మొహం వెలిగింది. "దానికేటి? ఆఖర్న వచ్చేవాళ్ళ క్లాసొకటి పెట్టీస్తాను. అందులో నువ్వే ఫస్టు."

ఇంతటి అభివృద్ధిని కాదనే మూర్ఖుడు ఉంటాడా? ఉన్నాడు, రాజాంలో. ప్రమోద్ గొడౌనుకి వచ్చి పెట్రోలు ఇంజన్ని మళ్ళీ దించాడు. ఈసారి ఏడుపు రాలేదు. తలుపులు తెరుచుకునే డీజిలు ఇంజన్నే మళ్ళీ బిగించాడు. తనతో నిజంగా పోటీపడే మనిషికి ఉన్నది ఆ ఇంజనే కాబట్టి. గున్నమ్మ ఆటో వచ్చే వేళకి చీపురుపల్లి రోడ్డు పక్కన కారు పెట్టుకుని నిలబడడం మొదలుపెట్టాడు. ఓడిపోయాడు. మళ్ళీ ఓడిపోయాడు. ప్రతిసారీ గున్నమ్మ ఏ మలుపులో తప్పు చేశాడో చెప్పి మరీ పోయేది.

ఒక సాయంత్రం నెగ్గాడు. పొలిమేర దగ్గర కారు ముందుంది, ఆటో వెనకుంది, సందేహం లేదు. ఎర్రన్న దిగి వచ్చి చెయ్యి కలిపాడు. గున్నమ్మ, "నెగ్గీసేవు బాబూ," అని ఒక పెద్ద వంజరం చేప ఆకులో చుట్టి ఇవ్వబోయి, కోమట్ల ఇంటికి చేపేమిటని గుర్తొచ్చి మళ్ళీ బుట్టలో పెట్టేసుకుంది.

ప్రమోద్ కారు ఎక్కడ ఆపాడో కూడా చూసుకోకుండా కొట్లోకి పరిగెత్తాడు. మాట సరిగ్గా రావడం లేదు.

"నాన్నా, ఫస్టొచ్చాను."

ధర్మారావు గారు కాటా మీద కందిపప్పు తూస్తున్నారు. తల ఎత్తలేదు.

"మొన్నే వచ్చీసేవు కదరా. ఎన్నిసార్లొస్తావు?"