భిక్షపతి బోటు చల్లబడిన విధం

ఆ శనివారం పొద్దున భిక్షపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి శాలిబండలో ఇల్లు వదలాలి. ఎనిమిదింటికల్లా చెరువు దగ్గర బోటు ఇంజన్ స్టార్ట్ చేసి చూసుకోవాలి. బోటుకు లైసెన్సు ఇవ్వడానికి పదకొండింటికి వచ్చే ఇన్‌స్పెక్షన్ మేడమ్‌ని ఎక్కించుకుని ఒక్క రౌండు కొట్టి, క్షేమంగా ఒడ్డుకు చేర్చాలి. మధ్యలో ఇంజన్ వేడెక్కకూడదు. పదకొండు రోజులుగా అది వేడెక్కని రోజు లేదు కనుక, ఈ చివరి ముక్క దగ్గరే అతని చాయ్ చల్లారిపోయింది.

"ఇయ్యాల బోటు నడవకపోతే నౌకరీ పోతది గదా," అంది భార్య కాశమ్మ.

"పోతది."

"మల్ల ఇంట్ల కూసుంటవా?"

"కూసోక ఏడికి పోత?"

కాశమ్మ మిక్సీని తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆమె భయం ఆమెది. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన భిక్షపతి, ఇంట్లో ఉన్న ఆర్నెల్లలో ఆ మిక్సీని మూడుసార్లు విప్పాడు. మూడోసారి బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి. ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి హోల్‌సేల్ వ్యాపారం చేసే వైకుంఠం సేటు, చెరువులో జనాన్ని షికారు తిప్పడానికి ఒక బోటు కొని, పిలిచి ఆ పని ఇచ్చిన రోజున కాశమ్మ ఇరుగుపొరుగుకు పాయసం పంచింది. భిక్షపతి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఖాకీ చొక్కా మళ్లీ తొడుక్కుని, నలుగురూ "మిస్త్రీ" అని పిలిస్తే, అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

బోటు సముద్రం ఒడ్డు ఊళ్లో ఎవరో వాడి అమ్మేసిన డీజిల్ బోటు. ఇంజన్ లోపల ఉంటుంది, ఫ్యాను మాత్రం వెనకాల నీళ్లలోకి దిగే ఒక ఇనుప కాలికి ఉంటుంది. దాన్ని అమ్మినవాళ్లు స్టెర్న్‌డ్రైవ్ అన్నారు, భిక్షపతి తోక అన్నాడు. బస్సు తన నీళ్లు తన రేడియేటర్‌లో మోసుకు తిరుగుతుంది. ఈ బోటు అలా కాదు. తోకకు రెండు పక్కలా జల్లెడలా సందులుంటాయి. వాటిలోంచి చెరువు నీళ్లు పీల్చుకుని ఇంజన్‌ను చల్లబరుచుకుంటుంది.

ఈ పదకొండు రోజుల్లో భిక్షపతి చేయని వైద్యం లేదు. డిపో అలవాటు ప్రకారం మొదట ఇంజన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పీకి పారేశాడు. నీళ్ల పంపులో రబ్బరు చక్రం మార్చాడు. పైపులన్నీ ఊది చూశాడు. సందులు రోజూ పొద్దున చూసేవాడు, పొద్దున అవి తళతళలాడుతూనే ఉండేవి. చివరికి తోకను డ్రమ్ములో నీళ్లు పోసి ముంచి గంటసేపు ఇంజన్ నడిపితే, అది పసిపిల్లలా చల్లగా నడిచింది. చెరువులోకి దింపితే మాత్రం పది నిమిషాలకే వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కి, హారన్ కుయ్యోమనేది.

"డ్రమ్ముల చల్లగుంటది, చెరువుల కాలుతది," అన్నాడు వైకుంఠం లెక్క తేల్చినట్టుగా. "అంటే ఇంజన్ల లోపం లేదు. గీ చెరువులనే ఏదో ఉన్నది."

"గంగమ్మకు దండ సాల్తలేదేమో," అంది ఆయన భార్య నాగమణమ్మ.

దండ సంగతి చెప్పాలి. డిపోలో బొట్టూ పువ్వూ పెట్టకుండా కొత్త బండి గేటు దాటేది కాదు. ఆ నియమాన్ని భిక్షపతే ఇక్కడికి తెచ్చాడు. బస్సుకైతే ముందు అద్దానికి కడతారు. బోటులో కష్టమంతా తోకదే కదా అని, అతను దండను తోకకు కట్టాడు. నాగమణమ్మకు ఆ ఆలోచన ఎంతో నచ్చింది. రోజూ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి బంతిపూలు తెప్పించి తన చేత్తోనే గుచ్చి పంపేది. బోటు తిరిగొచ్చేసరికి తోకకు దండ ఉండేది కాదు. "తల్లి తీసుకున్నది," అని ఆమె చేతులు జోడించేది. డ్రమ్ము పరీక్ష నాడు ప్రయాణం లేదు కనుక దండ కూడా కట్టలేదు. ఇంతమంది తెలివైనవాళ్లలో ఒక్కరికీ ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు.

శనివారం ఎనిమిదింటికి భిక్షపతి వెళ్లేసరికి ఒడ్డున నాగమణమ్మ పిలిపించిన విశ్వేశ్వర శర్మ అనే పంతులుగారు కలశంతో కూర్చుని ఉన్నారు. పక్కనే ఇద్దరు మనుషులు మోసుకొచ్చిన దండ ఉంది.

"దోషం బలంగా ఉంది," అన్నారు పంతులుగారు. "పూజా అంతే బలంగా ఉండాలి."

దండను తోకకు మూడు చుట్లు చుట్టారు, నడుమ నిమ్మకాయలు కట్టారు. బోటు బయలుదేరింది. ఐదు నిమిషాలకే హారన్ మోగింది. తెడ్లేసుకుంటూ వెనక్కి తెచ్చారు. పంతులుగారు మంత్రాలు మార్చి, ఇంకో దండ వేయించారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు అయింది. ఈసారి మూడు నిమిషాలైనా కాకముందే ముల్లు ఎర్రగీత దాటింది.

భిక్షపతి ఇంజన్ ఆపి, మూత మీద తల ఆనించాడు. ముప్పై నాలుగేళ్లలో ఏ ఇంజనూ అతన్ని ఇంతగా అవమానించలేదు. ఒడ్డున ఆఫీసు జీపు వచ్చి ఆగడం, ఇన్‌స్పెక్షన్ చేసే గీతాంజలి మేడమ్ ఫైలుతో దిగడం కనిపించింది. ఇంకేముంది, రేపటి నుంచి గోడ గడియారం చూసుకుంటూ కూర్చోవడమే అనుకున్నాడు. కళ్లు తడయ్యాయి.

"మిస్త్రీ, బోటు ఒడ్డుకు తీస్కరా," అని వైకుంఠం అరిచాడు.

ఒడ్డు దగ్గరే కనుక భిక్షపతి నడుము లోతు నీళ్లలోకి దిగి బోటును వెనక నుంచి నెట్టాడు. నెడుతుంటే చెయ్యి తోక మీద పడింది. వేళ్లకు ఏదో మెత్తగా తగిలింది. లాగాడు. పిడికెడు బంతిరెక్కలు వచ్చాయి. ఇంకో పిడికెడు వచ్చింది. ఆ వెనక దారం, సగం నలిగిన నిమ్మచెక్క వచ్చాయి. రెండు పక్కలా సందులు గుజ్జు గుజ్జుగా మూసుకుపోయి ఉన్నాయి. రోజూ చిన్న దండ కనుక, ఇంజన్ ఆగగానే రెక్కలు జారి నీళ్లలో కలిసిపోయేవి. ఇవాళ్టి దండ పోనంది.

అతనికి అంతా అర్థమైంది. పదకొండు రోజులు ఇంజన్ గొంతు పిసికింది తాను కట్టిన దండే. మిగిలిన దండ తెంపి, సందులు శుభ్రంగా గోకి, ఒక గుప్పెడు రెక్కలు జేబులో వేసుకుని ఒడ్డెక్కాడు.

"ఏమున్నది మిస్త్రీ?" అంది నాగమణమ్మ. చేతిలో మూడో దండ. సూది గుచ్చుకున్న వేళ్లకు పసుపు పట్టించి ఉంది.

అతనికి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వేళ్లు చూసి మింగేశాడు. "ఏం లేదమ్మా, కొంచెం చెత్త. గీ దండ ముందర కడదాం. ముందరుంటెనే బాగుంటది."

"నేనూ అదే చెప్పబోతున్నాను," అన్నారు పంతులుగారు.

గీతాంజలి మేడమ్ ఎక్కారు. బోటు చెరువు మొత్తం తిరిగింది, మేడమ్ ఇంకోసారి తిప్పమంటే ఇంకోసారీ తిరిగింది. ముల్లు పచ్చగీత దగ్గరే నిలబడింది. ఆవిడ బోటులోనే సంతకం పెట్టి, "ఇంజన్ చాలా స్మూత్‌గా ఉందండీ," అని వెళ్లిపోయారు. భిక్షపతి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. నౌకరీ నిలబడిందనుకున్నాడు.

వైకుంఠం వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మిస్త్రీ, ఫికర్ చెయ్యకు, మంచిగనే చెప్తున్న. ఇంజన్ల లోపం లేదని నువ్వే డ్రమ్ముల చూపెట్టినవ్. లోపం పూజల ఉండె, అది పంతులుగారు సరిజేసిండు. ఇగ మెకానిక్‌తోని ఏం పని?"

"సేటూ, అది కాదు," అని భిక్షపతి గబగబా జేబులోంచి తడిసిన రెక్కలు తీశాడు. "గివే సందుల్ల ఇరుక్కున్నయి. గీ పూలతోనే ఇంజన్ కాలింది. నేనే నీళ్లల్ల దిగి తీసిన."

వైకుంఠం ఆ గుప్పెడు వంక చూశాడు. చెప్పులు విడిచి, రెండు రెక్కలు తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

"గంగమ్మ ప్రసాదం," అని నాగమణమ్మ కూడా చెయ్యి చాపింది. మిగిలినవి పంతులుగారు తలా ఒకటి పంచారు. భిక్షపతికి కూడా ఒకటి ఇచ్చారు.

సోమవారం నుంచి బోటు పనిలో పంతులుగారు చేరారు. ఇంజన్‌లో ఆయిల్ ఎక్కడ పోయాలో కనుక్కోవడానికి రోజుకు రెండుసార్లు భిక్షపతికి ఫోన్ చేస్తుంటారు.