బస్సు కింద ఇంద్రాణి

ఆ రోజు పది గంటలకు ఇంద్రాణికి లైన్ లీడర్ ఇంటర్వ్యూ. హోసూరులో బస్సులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఏడేళ్లుగా సైలెన్సర్లు బిగిస్తున్న ఆమెకు ఆ పదవి ఎప్పుడో రావాల్సింది. సూపర్‌వైజర్ తిలక్ అడ్డం. వాట్సాప్ గ్రూపులో అందరూ ఇంగ్లీషులోనే రాయాలని అతడి రూలు. నిన్న ఆమె 'ఇన్ ది బస్' అని రాస్తే, 'ఆన్ ది బస్' అని అందరి ముందూ దిద్ది, "ఇన్‌కీ ఆన్‌కీ తేడా తెలీనోళ్లు లీడర్లా?" అన్నాడు.

డెంకణికోట నుంచి ఆమె ఎక్కిన కంపెనీ బస్సుకు సగం దారిలో సైలెన్సర్ ఊడి వేలాడింది. డ్రైవర్ రాజప్ప తల పట్టుకున్నాడు.

"జరుగప్పా, కట్టుకంబి ఇయ్యి," అని ఇంద్రాణి చేతులు కాలకుండా తడిపిన గోనెసంచితో బస్సు కిందికి దూరింది.

అంతలో గ్రూపులో తిలక్ మెసేజ్: ఎక్కడున్నావు? ఆమె పడుకునే, 'ఐ యామ్ అండర్ ది బస్' అని కొట్టింది.

'నాట్ అండర్. ఆన్,' అని దిద్దాడు తిలక్.

'నో సర్. అండర్,' అని ఇంద్రాణి జవాబిచ్చేసరికి ఫోనులో ఛార్జి అయిపోయింది.

ఆఫీసులో పనిచేసే శశికళ అది చదివి కంగారుగా రాజప్పకు ఫోన్ చేసింది.

"ఇంకా కిందనే ఉండాదమ్మా. కాళ్లు మాత్రం కనిపిస్తా ఉండాయి," అన్నాడు రాజప్ప నిజాయితీగా.

ఫ్యాక్టరీలో లైన్ ఆగింది. ఆంబులెన్స్ బయల్దేరింది. కబురందిన అత్త సుబ్బక్క షేర్ ఆటోలో ఏడుస్తూ గేటు దగ్గర దిగింది. తిలక్ మాత్రం, "అది ఆన్ అమ్మా, ఆమెకు ఇంగ్లీషు రాదు," అని నచ్చజెప్పబోయాడు.

"నా కోడలు చస్తా ఉంటే ఇంగ్లీషంటావా?" అని సుబ్బక్క అతడి చొక్కా పట్టుకుంది.

తొమ్మిదీ యాభైకి బస్సు గేటులోకి వచ్చింది. వెనకే ఖాళీ ఆంబులెన్స్. ముఖమంతా మసితో ఇంద్రాణి దిగింది.

"చూడండి, ఆన్!" అని తిలక్ అరిచాడు. "ఇంత రచ్చ చేసినందుకు సారీ రాసియ్యి."

"రాయను సార్. అప్పుడు కిందనే ఉండినాను. నేను యాడుండానో నాకు తెలీదా? మీరు కుర్చీలో కూర్చోని నన్ను బస్సెక్కిస్తిరి!"

మేనేజర్ రామచంద్ర బస్సు కిందికి వంగి, కంబితో బిగించిన కట్టు చూశాడు. ఇంటర్వ్యూ అక్కడే అయిపోయింది. తర్వాత తిలక్ వైపు తిరిగాడు.

"ఒక మనిషి బస్సు కింద ఉండానంటే, ఏమైందని అడగాల్నా, దిద్దాల్నా? సారీ నువ్వు రాయి. గ్రూపులో, ఇంగ్లీషులో."

మధ్యాహ్నం తిలక్ కొత్త లైన్ లీడర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సారీ 'టు' ఇంద్రాణి అనాల్నా, 'ఫర్' ఇంద్రాణి అనాల్నా?"

"ఏదో ఒకటి పెట్టండి సార్," అంది ఇంద్రాణి. "తప్పయితే దిద్దేదానికి మేమంతా ఉండాము."