రాతి ట్యాంకుకు కళ్లు

శత్రు విమానాలు అసలువనుకుని బాంబులు వృథా చేసుకునేలా రాతి యుద్ధ ట్యాంకులు చెక్కించాలని పైవాళ్లు నిర్ణయించారు. ఇరవై ఏళ్ల కాంట్రాక్టు ఆళ్లగడ్డ శిల్పి మహానందయ్యకు దక్కింది. షరతు ఎంతో ఉదారమైనది. ఎంత ఖర్చయితే అంతా ఇస్తారు, దానిమీద నూటికి పదిహేను లాభం. పర్యవేక్షణకు నంద్యాలలో కార్యాలయం వెలిసింది. ట్యాంకు కన్నా ముందే కార్యాలయానికి కార్ల షెడ్డు, క్యాంటీను, శిలాఫలకం తయారయ్యాయి.

మహానందయ్య పాపం అమాయకుడు. ముహూర్తానికి విగ్రహం అందకపోతే తలవంపులని నమ్మే వంశం. దగ్గర్లోని రాయే తెప్పించి, పనివాళ్లతో పాటు తానూ ఉలి పట్టి, ఏడాది తిరగకుండానే మొదటి ట్యాంకు చెక్కేశాడు. అనుకున్న దాంట్లో సగమే ఖర్చయింది. సన్మానం చేస్తారనుకున్నాడు. నోటీసు వచ్చింది.

నంద్యాలలో అధికారి శ్రీకాంత్ గారు ఎంతో బాధపడుతూ మాట్లాడారు.

"ఏందయ్యా నువ్వు చేస్తాండేది? ఖర్చు తగ్గితే నీ లాభం తగ్గుతాది. మా బడ్జెట్టూ తగ్గుతాది. ఇదే జోరుతో పనంతా అయిపోతే ఆఫీసు మూసేయాల. దేశమంటే నీకు లెక్కలేదా? ఇంత అగ్గువగా అయిందంటే నాసిరకమే. బ్లాక్‌లిస్టులో పెడ్తా. ఇంక గుడి పనులు గూడా నీకెవరూ ఇయ్యరు."

మహానందయ్య చేతులు జోడించాడు. తాతల నాటి పేరు గంగలో కలిసేటట్టుంది.

"ఇంగా కాలేదు సార్. కండ్లు తెరిపించల్ల గదా" అన్నాడు.

విగ్రహానికి కళ్లు చిట్టచివర చెక్కుతారు, అంతవరకూ అది వట్టి రాయే. అలవాటు కొద్దీ నోరు జారాడు. ట్యాంకుకు కళ్లేమిటని అధికారి అడగలేదు. లేచి చేయి కలిపారు.

కళ్లు ఎక్కడుండాలో తేల్చడానికి నిపుణుల కమిటీ వేశారు. అది నాలుగు దేశాలు తిరిగొచ్చి, రెండో కమిటీ వేయమంది. రాయికి ఎండ తగలకుండా ఏసీ షెడ్డు కట్టారు. ఖర్చుతో పాటు మహానందయ్య లాభమూ బలిసింది. ఆయనకు మాత్రం సిగ్గుతో అన్నం సయించడం మానేసింది. సగంలో ఆగిన పని ఆ ఇంట్లో ఏనాడూ లేదు. ఒక ఉదయం ఉలి, సుత్తి తీసుకుని, ఏదో ఒకచోట రెండు కళ్లు చెక్కి పీడ వదిలించుకుందామని షెడ్డుకు బయల్దేరాడు.

సంగతి ఎలా పొక్కిందో, నంద్యాల నుంచి జీపుల్లో జనం దిగారు. ముందు నిలబడినవాడు క్యాంటీనుకు సరుకులు పోసే షాపు నరసింహులు.

"మా కడుపు కొట్టొద్దప్పా. ఆ ఉలి ఆడ పెట్టు" అన్నాడు.

మహానందయ్య ఆ ముఖాలను చూసి, ఉలి కింద పెట్టాడు. దేశభక్తుడని మెడలో దండ వేశారు.

ప్రభుత్వ దుబారా మీద కడుపు మండిపోయే మెసేజీ ఒకటి ఆ పొద్దున్నే నరసింహులు ఫోన్ నుంచి బయల్దేరింది. అది మీకూ వచ్చింది, మీరూ పదిమందికి పంపారు. మీ మేడమీది వాటా రెండో కమిటీకి అద్దెకిచ్చారట, శుభం.