జానెడు ఖాళీ

ఒక పెద్ద అడవిలో అన్నిటితోపాటు ఒక ఆస్పత్రి కూడా ఉండేది. అక్కడ గుండె చప్పుడును గీతగా గీసే యంత్రాన్ని పన్నెండేళ్ళుగా మాణిక్యం అనే ముళ్ళపంది చూసుకునేది.

యంత్రాన్ని నడిపేది తొట్టిలోని కరెంటు చేప. మంచిదే, కాకపోతే పిరికిది. ఆకు రాలినా ఉలిక్కిపడేది. అలా ఉలిక్కిపడిందంటే యంత్రంలో కరెంటు ఒక్కసారిగా పొంగేది.

అందుకని రోగి ఛాతీ మీది తీగను యంత్రం దాకా పోనివ్వకుండా జానెడు ఇవతలే ఆపేశారు. ఆ కొసన ఒక మిణుగురు కూర్చుని, గుండె కొట్టుకున్నప్పుడల్లా మెరిసేది. అవతల యంత్రం కన్ను ఆ మెరుపు చూసి ఆకు మీద గీత గీసేది. ఏటి అవతలి ఒడ్డున ఉన్నవాడి కేక మనకు వినిపిస్తుంది, వాడి కర్ర మాత్రం మన వీపుకు తగలదు కదా! ఇదీ అంతే. కబురు దాటాలి, కరెంటు దాటకూడదు.

ఒకనాడు నక్క తనిఖీకి వచ్చింది.

"ఏమ్మా, ఈ తీగ తెగిపోయిందేం?"

"తెగలేదండీ, కావాలనే అలా ఉంచాం. రోగికి కరెంటు కొట్టకుండా."

"ఇన్నేళ్ళలో ఎంతమందికి కొట్టింది?"

"ఒక్కరికీ కొట్టలేదండీ."

"మరి కొట్టని కరెంటుకి కాపలా ఎందుకు?" అని నక్క కాగితం మీద 'అనవసరం' అని రాసింది. మిణుగురును పంపించేసి, ఖాళీలో రాగితీగ కలిపించింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

ఆ ఉదయం వరుసలో మొదట ఉన్నది గుండె నీరసించిన ముసలి దుప్పి. మాణిక్యం ముళ్ళు నిక్కబొడుచుకుని బల్లకు అడ్డం నిలబడింది.

"ఈ తాతను మాత్రం ఎక్కించనండీ. నా ఉద్యోగం పోయినా సరే."

"నీ చాదస్తం పాడుగాను! జరుగు, నేనే పడుకుంటా. చూసి నేర్చుకో," అని నక్క బల్లెక్కి తీగ తగిలించుకుంది.

అప్పుడే ఎక్కడిదో ఒక కప్ప తొట్టిలోకి దూకింది. చేప ఉలిక్కిపడింది.

నక్క మందుల అలమర మీద తేలింది. తోక చీపురైంది. ప్రాణం మాత్రం ఉంది. కింద యంత్రం గీసిన గీత ఆకు దాటి గోడెక్కింది.

మాణిక్యం రాగితీగ పీకేసి, మిణుగురును పిలిపించి, దుప్పిని బల్లెక్కించింది. మధ్యలో చేప ఇంకోసారి ఉలిక్కిపడింది.

"అయిపోయిందా అమ్మా? ఏమీ తెలియలేదే!" అంది దుప్పి.

వారం తిరక్కుండా ఎలుగుబంటి విచారణకు కూర్చుంది. కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసి ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారు?"

"నేనేనండీ," అంది మాణిక్యం.

బదిలీ కాగితం అప్పటికే రాసి ఉంది.

నీతి: ప్రమాదం జరగకపోతే కాపలా తీసెయ్యాలి, జరిగితే కాపలా ఉన్నవాళ్ళను తీసెయ్యాలి.