ఏడుపు రకం సరిపోలలేదు

పసిపిల్లల ఏడుపు నేరుగా తల్లి చెవిన పడే అనాగరిక యుగం ముగిసింది. ఇకమీదట ఏ ఏడుపైనా ముందు తన రకమేమిటో చెప్పుకోవాలి, ఆ రకానికి తగిన కవరులో కూర్చోవాలి, పై అధికారి సరేనన్నాకే అమ్మ ఫోనుకు బయలుదేరాలి. ఈ సంస్కరణ మా వీధి చివరి పిల్లల సంరక్షణ కేంద్రంలో మొదలైంది. మొదటి లబ్ధిదారు మా చంటిది.

నేను తిరిగి కుట్టుపనిలోకి వెళ్ళాలి. నా మిషను సోమవారం దాకా ఖాళీగా ఉంచుతానని, ఆపైన ఇంకొకరికి ఇచ్చేస్తానని సూపర్‌వైజరుగారు చెప్పేశారు. పాపను కేంద్రంలో వదలడానికి నేను పెట్టిన షరతు ఒక్కటే: అది నా కోసం ఏడిస్తే నాకు తెలియాలి. (ఏడవకపోతే ఎందుకు ఏడవలేదో కూడా తెలియాలన్నాను. ఆ రెండోది మా ఆయన కొట్టేశారు.) కేంద్రానికి యాప్ రాస్తున్నది సాక్షాత్తూ మా మరిది. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలతాయంటారు. నాకు మీసాలు లేవు కాబట్టి ధైర్యం చేశాను.

యాప్‌ను రస్ట్ అనే భాషలో రాస్తున్నాడు. ఆ భాషకు కంపైలర్ అని ఒక అధికారి ఉన్నారు. లంచం పట్టరు, సిఫారసు వినరు, టీకి లేవరు. రాసింది అక్షరం అక్షరం చదివి, నచ్చకపోతే ఎర్రక్షరాలతో తిప్పికొడతారు.

పాప ఉండే గదిలో గోడకు ఒక తెర, ఆ తెర మీద "ఏడుస్తోంది" అనే బటన్ ఉన్నాయి. ఆయమ్మ దాన్ని నొక్కితే ఒక సందేశం పుడుతుంది. గదిలో పుట్టింది కాబట్టి అది గది సందేశం. యాప్ మొత్తాన్ని నడిపి, అమ్మల ఫోన్లకు సందేశాలు పంపే ప్రధాన భాగం (మా మరిది భాషలో పెద్ద కిటికీ) మాత్రం కేంద్ర సందేశాన్ని తప్ప మరి దేన్నీ ముట్టుకోదు. కంపైలర్‌గారు తీర్పు చెప్పారు: "కావలసినది కేంద్ర సందేశం. వచ్చినది గది సందేశం. సరిపోలలేదు."

"లోపలున్నది పిల్ల ఏడుపేగా అబ్బాయీ?" అన్నాను.

"లోపల ఏముందో ఆయనకి అనవసరం వదినా. పైన ఏం రాసుందో చూస్తాడు."

"మరి పైన రాసెయ్."

"అదే చేస్తున్నా. గది సందేశాన్ని కేంద్ర సందేశం అనే కవర్లో పెట్టాలి. ఒక్క లైను పని."

ఆ ఒక్క లైను వారమంతా సాగింది. గదికీ కేంద్రానికీ మధ్య అంతస్తు అని ఒకటుందట. కాబట్టి గది కవరు అంతస్తు కవరులోకి, ఆ అంతస్తు కవరు కేంద్రం కవరులోకి వెళ్ళాయి. పిల్లకు లేనన్ని బట్టలు పిల్ల ఏడుపుకు తొడిగారు.

ఈలోగా మేనేజరమ్మగారికి ఒక ఆలోచన వచ్చింది. ఏడుపులన్నిటికీ ఒకే బటన్ ఏమిటి, అరాచకం కాకపోతే! వెంటనే ఏడుపుల వర్గీకరణ సంఘం ఏర్పడి, పిల్లల బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని సమావేశమైంది. ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు, తడి ఏడుపు, పక్కవాడి బొమ్మ కోసం ఏడుపు, పక్కవాడు ఏడుస్తున్నాడని ఏడుపు, అమ్మ కోసం ఏడుపు. (మూల నిలబడ్డ నా ఏడుపు ఏ రకమో ఎవరూ అడగలేదు.)

ఇక్కడ కంపైలర్‌గారి రెండో నిబంధన అడ్డుపడింది. ఎన్ని రకాలు పెట్టినా సరే, ప్రతి రకానికీ ఏం చేయాలో రాయాలి. ఒక్కటి వదిలినా ఆయన కదలరు. ఆకలికి పాలు, నిద్రకు ఉయ్యాల, తడికి పొడిబట్టలు అని చకచకా తేలిపోయాయి. అమ్మ కోసం ఏడుపు దగ్గర సంఘం ఆగిపోయింది.

"అమ్మకి మెసేజ్ పంపండి," అన్నాను.

"పంపితే మీరు వచ్చేస్తారు," అన్నారు మేనేజరమ్మగారు.

"వస్తే పాప ఊరుకుంటుందండీ."

"అన్నిటికీ మీరే వచ్చి ఊరుకోబెడితే ఇక మేమెందుకమ్మా ఇక్కడ?"

ప్రశ్న లోతైనది. దానిని పరిశీలనలో ఉంచారు.

శుక్రవారం పొద్దున మా మరిది గావుకేక పెట్టాడు. ఎర్రక్షరాలు మాయం! తప్పులు లేవని కంపైలర్‌గారే ఒప్పుకున్నారట. ఆయమ్మ ఈల వేసింది. మేనేజరమ్మగారు బుల్లి కుర్చీతో సహా లేచారు. (అది ఊడి రాలేదు.) ఆ ఊపులోనే పాపను లోపల వదిలి, తలుపు వేసి, నన్ను బయట బెంచీ మీద ఫోనుతో కూర్చోబెట్టారు.

క్షణంలో లోపల ఏడుపు లేచింది.

"అమ్మ కోసం ఏడుపు నొక్కానమ్మోయ్! నొక్కుతూనే ఉన్నా!" అని లోపలినుంచి ఆయమ్మ అరిచింది.

నా ఫోను నోరు మెదపలేదు. నేను లేచాను. మేనేజరమ్మగారు తలుపుకు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎక్కడికమ్మా?"

"పాప ఏడుస్తోందండీ."

"మెసేజ్ వచ్చిందా?"

"లేదు. కానీ వినబడుతోందిగా!"

"వినబడింది లెక్కలోకి రాదమ్మా. మెసేజ్ రాలేదంటే ఏడవట్లేదనే."

"మరి ఆ గొంతెవరిదండీ?"

"దాని రకం ఇంకా తేలలేదు."

మా మరిది లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కిందనే కూలబడ్డాడు. కాసేపటికి వాడి ముఖం వెలిగింది.

"మన తప్పేం లేదు వదినా! మెసేజ్ పుట్టింది. కవర్లన్నీ సరిపోయాయి. పెద్ద కిటికీ దాకా భేషుగ్గా చేరింది."

"చేరాక?"

"ఆ రకానికి ఏం చేయాలో సంఘం తేల్చలేదుగా. ఏదో ఒకటి రాయకపోతే కంపైలర్ ఒప్పుకోడు. అందుకని 'మిగతావి ఏవొచ్చినా ఏమీ చేయొద్దు' అని రాశా."

"దానికాయన ఒప్పుకున్నాడా?"

"వెంటనే! ఏమీ చేయకపోవడంలో తప్పేముంటుంది వదినా?"

నేను మేనేజరమ్మగారి చేతి కింది నుంచి దూరి లోపలికి పరుగెత్తాను. పాప నా మెడను కరుచుకుని, రెండు వెక్కిళ్ళు వెక్కి ఊరుకుంది. విధి నిర్వహణలో భాగంగా ఆయమ్మ తెర మీద చివరన ఉన్న "ఊరుకుంది" బటన్ నొక్కింది. నా ఫోను గణగణ మోగింది: "మీ పాప ఊరుకుంది. మీరు నిశ్చింతగా పని చేసుకోండి."

"చూశారా, ఎంత చప్పున వచ్చిందో!" అన్నారు మేనేజరమ్మగారు. అందరం చప్పట్లు కొట్టాం. పాప కూడా కొట్టింది.

పరిశీలనలో ఉన్న ప్రశ్న అక్కడికక్కడే తేలిపోయింది. అమ్మ కోసం ఏడుపు వస్తే అమ్మ లోపలికి వెళ్ళాలి. అందుకు వీలుగా, కేంద్రం తెరిచి ఉన్నంతసేపూ అమ్మ బయట బెంచీ మీద ఉండాలి. మా మరిది అది రాశాడు, కంపైలర్‌గారు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. ఇప్పుడు అన్ని రకాలూ సరిపోయాయి.

సాయంత్రం సూపర్‌వైజరుగారికి ఫోన్ చేసి, పాపను సంరక్షణ కేంద్రంలో చేర్చేశామనీ, అందువల్ల ఇక పనిలోకి రాలేననీ చెప్పాను.